జన్మహక్కు లేని దేశము



మా అశోక్‌నగరున ఏ వీధిని చూచినను వసతిగృహములే. ఏ గోడను చూచినను పోటీ పరీక్షల శిక్షణాలయముల ప్రకటనలే. కరీంనగరు, ఖమ్మము, పాలమూరు మొదలగు జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు తెల్లవారగనే పుస్తకముల సంచి భుజమున వేసికొని చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోవుచుందురు. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మటగాని తిరిగి రారు. మా యింటి ప్రక్క వసతిగృహమున నుండు కరీంనగరు ప్రాంతపు అమ్మాయి యొకతె అప్పుడప్పుడు మా అరుగుమీద కూర్చుండి చదువుకొనుట కలదు. రెండేండ్లుగా చదువుచున్నది. మొన్నటి బతుకమ్మ పండుగకు సైతము ఊరికి పోలేదు. ఏమమ్మా యనగా, "ఉద్యోగము రాకుండ ఏ మొగము పెట్టుకొని పోవుదును, పెద్దమ్మా?" అనెను.

ఒకనాటి సాయంకాలము ఆమె తన పుస్తకములోని ప్రశ్నలను పైకి చదువుకొనుచుండెను. "ప్రపంచమున అన్నిటికంటె చిన్న దేశమేది? వాటికన్ నగరము." అంతతో ఆ దేశము ముగిసినది; తరువాతి ప్రశ్నకు పోయినది.

"ఆగు బిడ్డా, ఆ దేశమును గూర్చి ఇంకేమైన తెలియునా?" అని యడిగితిని.

"అంతకంటె ఎక్కువ అడుగరు, పెద్దమ్మా" అని నవ్వెను.

కోట్లకొలది జనులు భక్తితో తలచుకొను ఒక రాజ్యము ఒక్క పంక్తిలో తీరిపోవుట నాకు న్యాయముగా తోచలేదు. అందువలన ఈ మాసము మన సంచారము అచ్చటికే. దేశము చిన్నది గనుక ఎక్కువ నడవ నక్కరలేదు.

మొదట దాని కొలత చూతము. వాటికన్ నగర రాజ్యపు వైశాల్యము 44 హెక్టార్లు, అనగా సుమారు 109 ఎకరములు. ఈ అంకె చదివిన మాత్రమున ఏమియు కంటికి కట్టదు. మా పేటవారమైతే ఇట్లు ఊహింపవచ్చును. మా ఇందిరా పార్కు 76 ఎకరములు. దానికి ఇంచుమించు మరి సగము చేర్చినచో వాటికన్ రాజ్య మగును. చిక్కడపల్లినుండి నారాయణగూడకు నడచునంత సేపటిలో ఆ దేశమును ఈ కొననుండి ఆ కొనకు దాటవచ్చును. మన హుసేను సాగరమున అటువంటి రాజ్యములు పదియైనను పట్టును. సరిహద్దు చుట్టుకొలత రెండు మైళ్లకు ఇంచుక మించి యుండును. అందు నివసించువారు వెయ్యిమందికి లోపు. దేశపు నేలలో సగమునకు పైగా తోటలే.

ఈ రాజ్యము ఇటలీ దేశపు రాజధానియైన రోము నగరము నడుమ నున్నది. నాలుగు దిక్కులను ఒకే దేశముచే చుట్టబడిన రాజ్యములు భూమిమీద మూడే కలవు: ఇటలీలో వాటికనును సాన్ మరీనోయు, దక్షిణాఫ్రికా నడుమ లెసోతో. వాటికనుకు సముద్రము లేదు. టైబరు నది పొరుగుననే పారుచున్నను ఆ యొడ్డు వీరిది కాదు. చెరువు లేదు, పంటపొలము లేదు. త్రాగు నీరును, తిను ధాన్యమును గోడ అవతలినుండియే రావలెను. గట్టి జబ్బు చేసినచో రోము నగరపు ఆసుపత్రికే పోవలెను. వాటికన్ అనునది మతముతో సంబంధము లేని ప్రాచీన నామము. క్రీస్తుమతము రోముకు రాకమునుపే అచ్చటి గుట్టకు ఆ పేరుండెను. క్రీస్తు శిష్యులలో మొదటివాడైన పేతురును ఆ గుట్ట చెంత సమాధి చేసిరని కాథలికుల నమ్మకము. ఆ సమాధి పైననే నేటి మహాదేవాలయము నిలిచియున్నది.

ఇంత చిన్న రాజ్య మెట్లేర్పడినదని సందేహము కలుగవచ్చును. ఇది మన హైదరాబాదువారికి సులభముగా బోధపడు కథ. నిజాము రాజ్యము 82,000 చదరపు మైళ్లకు మించినదైనను దానికి సముద్రపు రేవు లేదు. చుట్టును ఇతరుల పాలనలోని భూమియే. దానికి వేరు నాణెము, వేరు తపాలా బిళ్లలు, వేరు రైలు. పొలిమేర దాటినచో హాలీ సిక్కాను కల్దారు రూపాయలుగా మార్చుకొనవలసి యుండెను. మా అత్తగారు నాలుగు హాలీ సిక్కాలను కుంకుమ బరిణెలో దాచియుంచిరి. అవి నేటికిని నాయొద్ద నున్నవి. 1948 సెప్టెంబరు 17న ఆ రాజ్యము ముగిసినది.

పోపుల రాజ్యమును ఒకప్పుడు పెద్దదే. ఇటలీ మధ్యభాగమంతయు వేయేండ్లకు పైగా వారి యేలుబడిలో నుండెను. ఇటలీ ఏకమగుచున్నప్పుడు ఆ భాగములు ఒక్కటొక్కటిగా జారిపోయినవి. 1870 సెప్టెంబరు 20న ఇటలీ సైన్యము రోములో ప్రవేశించెను. నాటి పోపు తొమ్మిదవ పయస్. ఆయన ఓటమి నంగీకరింపక, గోడలు దాటి వెలుపలికి రాక, తన్ను తాను వాటికను బందీయని చెప్పుకొనెను. తరువాతి పోపులును అట్లే లోపల నుండిపోయిరి. ఈ అలుక 59 ఏండ్లు సాగెను. తుదకు 1929 ఫిబ్రవరి 11న లాటరన్ భవనమున ఒడంబడిక జరిగినది. పోపు పక్షమున కార్డినల్ గాస్పారి, ఇటలీ పక్షమున ముస్సోలినీ సంతకములు చేసిరి. పోపు పూర్వపు రాజ్యముపై హక్కు వదలుకొనెను. ఇటలీ 109 ఎకరముల నేలను స్వతంత్ర రాజ్యముగా నొప్పుకొని, నష్టపరిహారముగా 75 కోట్ల లీరాల ధనమును, 100 కోట్ల లీరాల ఋణపత్రములను ఇచ్చెను. ఎవరి చెప్పుచేతలలోను లేక మతకార్యము నడుపుకొనుటకు కాళ్లు మోపునంత నేల చాలునని వారు సమాధానపడిరి.

నేల స్వల్పమైనను సంసారమునకు కావలసిన సరంజామా అంతయు కలదు. సొంత తపాలా, సొంత ముద్రగల యూరో నాణెములు, చతురస్రాకారపు పసుపు తెలుపుల జెండా, ఒక చిన్న రైలు నిలయము, ఒక మందుల దుకాణము. 1931లో రేడియో కేంద్రమును నెలకొల్పి యిచ్చినవాడు ఆ విద్యకు ప్రసిద్ధుడైన మార్కోనీయే. విమానాశ్రయము మాత్రము లేదు; హెలికాప్టరు దిగు స్థలమొకటి కలదు.

ఇక చూడబోవువారికి కొన్ని మాటలు. పుణ్యక్షేత్రమునకు ప్రయాణమనగా మన ఇండ్లలో తిరుమల ప్రయాణము చేసినవారికి కొత్తగా చెప్పవలసినది కొంచెమే. అచ్చటను వరుస పొడవు. అచ్చటను వస్త్రనియమ మున్నది. భుజములును మోకాళ్లును కప్పుకొననివారిని సెయింట్ పీటరు దేవాలయములోనికి రానీయరు. మన చీరకట్టునకు కొంగు నిండుగ కప్పుకొన్నచో ఏ ఆటంకమును లేదు. వాటికనుకు వేరు వీసా లేదు. ఇటలీకి చెల్లు షెంగెన్ వీసా యున్న చాలును. సరిహద్దున మన కాగితములను పరీక్షించువారుండరు. సెయింట్ పీటరు మైదానపు ముఖద్వారమున నేలమీద తెల్లని గీత యొకటి యుండును. దానిని దాటినచో పరదేశమున అడుగిడినట్లే. లోనికి పోవువారి సంచులను మాత్రము తనిఖీ చేయుదురు.

ఆ మైదానమును రెండు చేతులతో అక్కున చేర్చుకొన్నట్లుండు స్తంభముల వరుసలు 17వ శతాబ్దమున బెర్నినీ కల్పన. స్తంభములు 284. నడుమనున్న ఏకశిలా స్తంభము ఈజిప్టునుండి రోము చక్రవర్తి కాలమున తెచ్చినది. దానిని 1586లో ఇప్పటి చోట నిలిపిరి. దేవాలయ నిర్మాణము 1506లో మొదలై 1626లో ముగిసినది. దేవాలయములోనికి పోవుటకు రుసుము లేదు. గోపురముపైకి 551 మెట్లు. కొంతదూరము యంత్రముపై పోయినను 320 మెట్లు మిగిలియే యుండును. మోకాళ్ల నొప్పులున్న సోదరీమణులు క్రిందనుండియే నమస్కరించుట మేలు.

లోపల కుడివైపున మొట్టమొదట కనబడునది మైకేలాంజిలో చెక్కిన పాలరాతి శిల్పము. శిలువనుండి దింపిన కుమారుని ఒడిలో పెట్టుకొన్న తల్లి. దానిని చెక్కునాటికి శిల్పికి ఇరువదినాలుగేండ్లు. 1972లో ఒక మతిలేనివాడు సుత్తితో ఆ తల్లి చేతిని, ముఖమును కొట్టి విరిచెను. నిపుణులు ముక్కలన్నియు ఏరి అతికిరి. అప్పటినుండి గుండు దూరని అద్దము వెనుక నున్నది. ఏ మతపు స్త్రీయైనను అచ్చట ఒక నిమిషము నిలువక కదలదు.

చిత్రశాలలకు మాత్రము టిక్కెట్టు కలదు. అవి సాధారణముగా ఆదివారములందు మూసియుండును. సిస్టైన్ మందిరపు పైకప్పుమీద మైకేలాంజిలో 1508 మొదలు 1512 వరకు చిత్రించిన బొమ్మలను మెడ వెనుకకు వాల్చి చూడవలెను. అచ్చట ఫోటోలు తీయరాదు. పోపు రోములో నున్నప్పుడు బుధవారమున జనులకు దర్శనమిచ్చుటయు, ఆదివారము మధ్యాహ్నము కిటికీయొద్ద నిలిచి ఆశీర్వదించుటయు ఆచారము. వాటికను తపాలా బిళ్ల నంటించిన ఉత్తరమును వాటికను పెట్టెలోనే వేయవలెను; గీత దాటి ఇటలీ పెట్టెలో వేసినచో చెల్లదు. మరియొక సంగతి: అచ్చట వర్షములు మనవలె వేసవి వెంట రావు, ఎండాకాలము పొడిగా నుండి, చలికాలమునందే వానలు పడును. డిసెంబరులో పోవువారు గొడుగు మరువరాదు.

ఇంతవరకు యాత్రికురాలికి కావలసినది చెప్పితిని. కాని నన్ను ఆలోచనలో పడవేసిన విషయము వేరొకటి. ఈ దేశమున పుట్టుకచేత పౌరసత్వము రాదు. అచ్చట ప్రసవశాల లేదు. తండ్రి పౌరుడైనంత మాత్రమున బిడ్డ యావజ్జీవము పౌరుడు కాడు. పౌరసత్వము కొలువునుబట్టి కలుగును. కార్డినలుగా రోమున నున్నవాడు పౌరుడు; రాజ్యమునకు దూతగా పనిచేయువాడు పౌరుడు; స్విస్ కావలి భటుడు పౌరుడు. ఈ భటదళము 1506 నుండియు ఉన్నది. అందు చేరగోరువాడు స్విట్జర్లాండు దేశస్థుడు, కాథలికుడు, అవివాహితుడైన యువకుడు కావలెను. కొలువు ముగిసిన నాడు అతని పౌరసత్వమును ముగియును. అచ్చట కాపురమున్న పౌరుని భార్యకును బిడ్డలకును ఆ హక్కు కల్పింపవచ్చును గాని, వివాహబంధము తెగినచో భార్యకు పోవును; యుక్తవయస్సు వచ్చినచో బిడ్డలకును పోవును. అట్లు ఏ దేశమును లేనివారగు వారిని ఇటలీ తన పౌరులుగా స్వీకరింపవలెనని 1929నాటి ఒడంబడికయందే వ్రాసికొనిరి.

కన్నతల్లివంటిది జన్మభూమి యని మనము చెప్పుకొందుము. ఆ మాట ఈ దేశమున చెల్లదు. అది ఎవ్వరికిని జన్మభూమి కాదు. అందరికిని పనిచేయు చోటు. ప్రతివాడును ఎచ్చటనో పుట్టి, పనికై వచ్చి, పని తీరినపిదప లేచిపోవువాడే.

మరి అందు స్త్రీల స్థాన మేమి? ఆ రాజ్యమున పెద్ద యెన్నిక యన్నది పోపు ఎన్నికయే. ఓటు 80 ఏండ్లు దాటని కార్డినళ్లకు మాత్రమే; స్త్రీ కార్డినలు కాజాలదు గనుక స్త్రీకి ఆ యెన్నికయందు పాలు లేదు. కాథలిక స్త్రీలే దీనిని గూర్చి చిరకాలముగా ప్రశ్నించుచున్నారు. అయినను ద్వారములు కొన్ని తెరచుకొనినవి. 2017లో వాటికను చిత్రశాలల అధ్యక్షతను బార్బరా జట్టా అను చరిత్రకారిణి వహించిరి. అంతకుముందు ఆ పదవిని స్త్రీ యెవ్వరును పొందలేదు. 2025 మార్చి 1న సిస్టర్ రఫాయెల్లా పెట్రీనీ అను సన్యాసిని ఆ నగర రాజ్యపు పరిపాలనాలయమునకు అధ్యక్షురాలైరి. తపాలా, చిత్రశాలలు, తోటలు, మందుల దుకాణము మొదలైన వ్యవహారములన్నియు ఆ కార్యాలయము క్రిందివే. ఓటు లేని స్త్రీ చేతికి ఇంటి తాళపుచెవులు వచ్చినవన్న మాట. ఇది మన కుటుంబములలో తెలియని వింత కాదు.

ఈ దేశమునకును మన తెలుగు నేలకును చుట్టరికము కూడ కలదు. కర్నూలు సీమలో పుట్టిన పూల ఆంథోనీగారు 1992లో గురువై, 2008లో కర్నూలు పీఠాధిపతియై, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమింపబడిరి. 2022 ఆగస్టు 27న వారిని పోపు ఫ్రాన్సిస్ కార్డినలుగా చేసిరి. తెలుగువారిలో ఆ పదవి పొందిన మొదటివారు వారే. దళితులలోను వారే మొదటివారు. ఒకప్పుడు ఊరి బావికి దూరముగా నుంచబడిన జనమునుండి వచ్చినవారు జగత్తునందలి కాథలికుల పెద్దను ఎన్నుకొను సభలో కూర్చుండిరి. 2025 ఏప్రిల్ 21న పోపు ఫ్రాన్సిస్ మరణించిరి. మే 7, 8 తేదీలలో సిస్టైన్ మందిరపు తలుపులు మూసికొని ఓటు వేసిన 133 మంది కార్డినళ్లలో మన గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫు దేవాలయ పీఠాధిపతియు ఒకరు. నాలుగవ ఓటునకు పదునాలుగవ లియో ఎన్నికైరి. పొగగొట్టమునుండి తెల్లపొగ వెలువడినప్పుడు లోకమెల్ల చూచినది. ఆ పొగలో కాలిన ఓటు చీటి యొకటి మా చిక్కడపల్లికి మూడు మైళ్లలోపుననున్న పీఠమువారిది.

ఈ సంగతులన్నియు ఆ కరీంనగరు అమ్మాయికి చెప్పితిని. ఎకరముల లెక్కకు నవ్వినది. నాణెముల కథకు నా బరిణె తెప్పించి చూచినది. కొలువు పోయినచో పౌరసత్వమును పోవునని చెప్పగా మాత్రము నవ్వు మానెను. కొంతసేపటికి, "ఇది అశోక్‌నగరువలెనే యున్నది, పెద్దమ్మా. ఇక్కడను ఉద్యోగము వచ్చినవారినే మనుష్యులుగా లెక్కింతురు" అనెను.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆమె మాటలో అబద్ధము లేదు. గోడలమీద ఫోటోలు వేయించుకొన్నవారు కొలువు దొరికినవారే. దొరకనివారి ఫోటో ఏ గోడమీదను లేదు. తుదకు ఇట్లంటిని. "బిడ్డా, ఆ రాజ్యమున కొలువుచేత పౌరులైనవారిలో ఒక్కరును అచ్చట పుట్టినవారు కారు గదా. ప్రతివానికి వెనుక ఒక ఊరున్నది, ఒక తల్లి యున్నది. స్విస్ భటుడు ఈటె అప్పగించిన నాడు స్విస్ పల్లెకే పోవును. అచ్చట అతనిని, నీ కొలువు ఉన్నదా పోయినదా యని యెవరు నడిగి తలుపు తీయరు. కొలువుతో వచ్చిన పౌరసత్వము కొలువుతో పోవును. నీ ఊరిలో నీ పౌరసత్వము అట్టిది కాదు. అది ఎవరు ఇచ్చినదియు కాదు, ఎవరు తీసికొనగలదియు కాదు."

ఆమె ఏమియు పలుకక పుస్తకములు సర్దుకొని పోయెను. నేనును ఉపన్యాసము ఎక్కువైనదేమో యని నొచ్చుకొంటిని.

సంక్రాంతికి మూడు రోజుల ముందు చిక్కడపల్లిలో మెట్రో యెక్కి జూబిలీ బస్సు నిలయమునకు పోయి, అచ్చటనుండి ఊరికి వెళ్లినది. పండుగ మరునాడే తిరిగి వచ్చినది. వాళ్లమ్మ పంపిన సకినాల డబ్బా మా యింట పెట్టి, "మా అమ్మ ఉద్యోగపు మాట ఎత్తనే లేదు, పెద్దమ్మా. చిక్కిపోతివని మాత్రము రెండు దినములు తిట్టినది" అనెను. పరీక్ష ఇంకను రానున్నది. ఫలిత మేమగునో నేను చెప్పజాలను. అరుగుమీద దీపము వెలుగుచున్నది, చదువు సాగుచున్నది.

సోదరీమణులారా, మీ యింటనో, మీ పొరుగుననో ఇట్లు పండుగకు పోక చదువుచున్న బిడ్డ యుండవచ్చును. పిలిచి అన్నము పెట్టుడు. ఇంటికి ఒక ఉత్తరమో, ఫోనో చేయించుడు. వచ్చు మాసము మరియొక దేశమునకు పోవుదము.